ఎర్ర వైరు ముందు

ఉదయం పదకొండు గంటల నాలుగు నిమిషాలకు బ్లడ్ బ్యాంకు కారు బైపాస్ రోడ్డు మీద ఆగిపోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. పదకొండు రోజుల్లో ఇది ఆరోసారి. పెట్టెలో ఉన్న మూడు రక్తం ప్యాకెట్లను వెనక వస్తున్న కూరగాయల వ్యాను ఆసుపత్రికి చేర్చింది. నలభై నిమిషాలు ఆలస్యమైంది. రోగికి ఏమీ కాలేదు.

పన్నెండూ ఇరవైకి డ్రైవరు దగ్గర తాళంచెవి తీసేసుకున్నారు.

డ్రైవరు వయసు ఇరవై తొమ్మిది. అక్కడ అందరూ ఆమెను రయ్యి అంటారు. ఆ పేరు పెట్టింది ఆమె మేనమామ. ఆయన కూడా ఆ బ్లడ్ బ్యాంకులోనే డ్రైవరు. ఆయన్ని నిదానం అంటారు. ఆ పేరు పెట్టింది రయ్యి. ఇద్దరూ వంతులవారీగా నడిపేది ఒకటే కారు.

ఒంటిగంటకు నిదానం ఇన్‌స్పెక్టరమ్మ ఇంటి తలుపు కొట్టాడు.

ఇన్‌స్పెక్టరమ్మ పోలీసు కాదు. రవాణా శాఖలో ఇరవై ఆరేళ్లు ప్రమాదాలకు గురైన బండ్లు తనిఖీ చేసి రిటైరైంది. బండి మూలంగా ఎవరి మీదైనా నింద పడితే, అందులో నిజమెంతో తేల్చడం ఇప్పుడు ఆమె పని.

"మా అక్క కూతురండీ," అన్నాడు నిదానం. "బండిని కావాలనే పాడు చేస్తోందని రాశారు. నాలుగింటికి ఆ కాగితం పైకి వెళ్తుంది. వెళ్తే ఉద్యోగం ఊడుతుంది. ఆ మచ్చతో ఇంకెక్కడా స్టీరింగు ముట్టుకోనివ్వరు."

"ఎవరు రాశారు?"

"ఇన్సూరెన్సు సర్వేయరండీ."

"చంకలో ఫైలు పెట్టుకుని తిరుగుతుంటాడు, అతనేనా?"

"అతనే. మీకు తెలుసా?"

"నా దగ్గరే పని నేర్చుకున్నాడు," అంది ఇన్‌స్పెక్టరమ్మ చెప్పులు వేసుకుంటూ. "సగం."

బ్లడ్ బ్యాంకు అక్కడికి పది నిమిషాల దూరం. నిదానం స్కూటరు మీద ఇరవై రెండు నిమిషాలు పట్టింది. దారిలో సైకిలు మీద పోతున్న ఒక పెద్దాయన వాళ్లను దాటి, ఏమైనా సాయం కావాలా అన్నట్టు వెనక్కి తిరిగి చూశాడు.

డ్రైవర్ల గదిలో ఒక బెంచీ, ఒక బల్ల, గోడకు రెండు కాగితాలు ఉన్నాయి. రయ్యి బెంచీ మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. మోకాలు ఊపుతోంది.

"ఎంత స్పీడులో నడుపుతావు?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"బైపాస్ మీద ఎనభై. పెట్టెలో రక్తం ఉంటే ఎనభై, లేకపోయినా ఎనభై."

"నిజం చెప్పేముందు కాస్త ఆలోచించుకోవే," అన్నాడు నిదానం.

"నీలాగా ఆలోచిస్తూ కూర్చుంటే నిజం పాతబడిపోతుంది మామయ్యా."

ఇన్‌స్పెక్టరమ్మ ట్రిప్పుల పుస్తకం తెప్పించుకుంది. బండి మొదటిసారి ఆగింది నాలుగో తారీఖున, తొమ్మిదీ నలభైకి. తర్వాత ఆరు, ఏడు, పది, పన్నెండు తారీఖుల్లో. ఆరోది ఇవాళ, పద్నాలుగు. గేటు దాటినప్పటి నుంచి బండి ఆగేదాకా పన్నెండు నిమిషాలకు తగ్గలేదు, పదహారుకు మించలేదు. ఆరుసార్లూ స్టీరింగు దగ్గర ఉన్నది రయ్యే.

"వేడి చూపే ముల్లు ఎర్ర గీత మీదికి ఎక్కాక ఏం చేసేదానివి?"

"పక్కకు ఆపేదాన్ని. ఇంజిన్ మాత్రం ఆపేదాన్ని కాదు. ఆరేడు నిమిషాల్లో ముల్లు దిగేది. బయల్దేరగానే మళ్లీ ఎక్కేది. ఇవాళ ఇంకో కిలోమీటరు లాగుదామనుకున్నాను. ఆవిరొచ్చేసింది."

"నిలబడితే దిగేది?"

"దిగేది."

"పరిగెత్తితే ఎక్కేది?"

"ఎక్కేది."

ఇన్‌స్పెక్టరమ్మ ఆ రెండు మాటలూ రాసుకుని కింద గీత గీసింది. మామూలుగా ఇంజిన్ వేడెక్కేది బండి ట్రాఫిక్కులో ఇరుక్కున్నప్పుడు. ఖాళీ రోడ్డు మీదికి రాగానే ఎదురుగాలి తగిలి చల్లబడుతుంది. ఇక్కడ వ్యవహారం తలకిందులుగా ఉంది.

"తిరిగొచ్చేటప్పుడు?"

"ఒక్కసారి కూడా వేడెక్కలేదు. అదే రోడ్డు, అదే ఎనభై."

"వెళ్లేటప్పుడు ఉండి, వచ్చేటప్పుడు లేనిది ఏంటి?"

రయ్యి మోకాలు ఆగింది. "పెట్టె."

"ఎంత బరువు?"

"ఆరు కిలోలు."

"మా ఆవిడ కట్టిచ్చే భోజనం అంత ఉంటుంది," అన్నాడు నిదానం. "దానికి ఇంజిన్ వేడెక్కదండీ."

ఇన్‌స్పెక్టరమ్మ లేచి గోడ దగ్గరికి వెళ్లింది. మొదటి కాగితం సెలవుల జాబితా. రెండోదాని మీద పెద్ద అక్షరాలతో ఒకే వాక్యం ఉంది: పెట్టె ఉన్నంతసేపు ఏసీ వేసి ఉంచవలెను.

"ఏసీ వేస్తావా?"

"వేస్తాను. రాసుందిగా. పెట్టె దింపాక తీసేస్తాను."

"మీరు?"

నిదానం నేల చూపులు చూశాడు. "మోకాళ్లు పట్టేస్తాయండీ. అద్దాలు దించుకుంటాను. పెట్టెలో ఐసు ఎలాగూ ఉంటుంది కదా."

"ఎన్నాళ్లుగా?"

"పదకొండేళ్లుగా."

"మామయ్యా," అంది రయ్యి, "ఆ కాగితం అంటించింది నువ్వే."

తలుపు దగ్గర దగ్గు వినిపించింది. సర్వేయరు వచ్చాడు. ఫైలు చంకలోనే ఉంది.

"నమస్తే మేడమ్. మీరు శ్రమ తీసుకోనక్కర్లేదు. అంతా చూసేశాను. రేడియేటరు బాగుంది, గొట్టాలు బాగున్నాయి, పంపు బాగుంది, నీళ్లు నిండా ఉన్నాయి. బండిలో లోపం లేదు. లోపం సీట్లో ఉంది."

"ఎలా తేల్చావు?"

"ఈ పదకొండు రోజుల్లో నిదానం తొమ్మిది ట్రిప్పులు వేశాడు, ఒక్కసారి కూడా వేడెక్కలేదు. ఈ అమ్మాయి పద్నాలుగు వేసింది, ఊళ్లో దగ్గరి ట్రిప్పులు పోను బైపాస్ మీద వెళ్లిన ఆరుసార్లూ ఆగింది. అదీ రక్తం తీసుకెళ్లేటప్పుడే. తిరిగి వచ్చేటప్పుడు ఒక్కసారి కూడా లేదు. రేడియేటరు మూత వదులు చేసి బయల్దేరుతోంది."

"మూత వదులుగా ఉండగా ఎవరైనా చూశారా?"

"బండి ఆగాక బిగించేస్తుంది కదండీ."

"నువ్వు చూసినప్పుడు ఎలా ఉంది?"

"గట్టిగా బిగించి ఉంది. అదే నా ఆధారం."

"దేనికి?"

"బిగించిందనడానికి."

రయ్యి నవ్వు ఆపుకోలేకపోయింది. సర్వేయరు ఆమె వైపు చూసి, ఆ నవ్వును కూడా ఫైల్లో రాసుకోవాలా అని ఆలోచించినట్టు ఒక క్షణం ఆగాడు.

"ఫ్యాను చూశావా?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"చూశాను. రెండో పేజీ, తొమ్మిదో లైను." ఆ పేజీ తీసి చూపించాడు. 'ఫ్యాను తిరుగుచున్నది' అని ఉంది.

"ఎటు?"

"ఎటు ఏంటండీ? ఫ్యాను. తిరుగుతోంది."

రెండూ ఇరవైకి నలుగురూ మెకానిక్ షెడ్డుకు చేరారు. బ్లడ్ బ్యాంకు గేటు నుంచి రెండు వందల అడుగులు. కారును మధ్యాహ్నమే అక్కడికి లాక్కొచ్చారు. బానెట్ ఎత్తి ఉంది. నేల మీద ఒక నూనె పళ్లెం, పక్కన స్పానర్లు వరసగా పేర్చి ఉన్నాయి.

మెకానిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కుడిచేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా పిండికట్టు ఉంది. మూడు వారాల క్రితం నిచ్చెన మీద నుంచి పడ్డాడు. అప్పటి నుంచి షెడ్డులో పని ఆయన భార్య చేస్తోంది. ఆమె చీర కొంగు నడుముకు దోపుకుని, బానెట్ కిందికి వంగి ఉంది.

"చెయ్యి ఈవిడది, నోరు నాదండీ," అన్నాడు మెకానిక్.

"డాక్టరు నోటికి కట్టు వెయ్యడం మర్చిపోయాడు," అంది భార్య తల ఎత్తకుండా.

"ఈ బండికి చివరిసారి ఏం పని చేశారు?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"ఫ్యాను మోటారు మార్చాం. పాతది కాలిపోయింది."

"ఏ తారీఖున?"

"మూడు."

"మొదటిసారి వేడెక్కింది నాలుగున."

మెకానిక్ కుర్చీలో ముందుకు జరిగాడు. "ఫ్యాను బ్రహ్మాండంగా తిరుగుతోందండీ. కావాలంటే చూడండి."

"చూద్దాం. ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వెయ్యండి."

రయ్యి ఒక అడుగు ముందుకు వేసింది. సర్వేయరు తాళంచెవి ఆమెకు ఇవ్వలేదు, మెకానిక్ భార్యకు ఇచ్చాడు. ఇంజిన్ అందుకుంది. ఏసీ నొక్కగానే ఫ్యాను కదిలింది. ఈ కార్లలో ఏసీ వేస్తే ఫ్యాను ఆగకుండా తిరుగుతుంది. ఏసీ లేకపోతే, ఇంజిన్ బాగా వేడెక్కినప్పుడే తిరుగుతుంది.

"తొమ్మిదో లైను," అన్నాడు సర్వేయరు.

"ఒక కాగితం ఇవ్వు."

"ఇవి రిపోర్టు కాగితాలండీ."

"సంతకం ఉన్న పేజీ అడగలేదు. వెనక తెల్ల కాగితాలున్నాయిగా."

సర్వేయరు ఒకటి లాగి ఇచ్చాడు. ఇన్‌స్పెక్టరమ్మ కారు ముందుకు వెళ్లి, కాగితాన్ని రేడియేటరు జాలీకి ఆనించి పట్టుకుంది.

"ఫ్యాను ఉండేది రేడియేటరు వెనక. బయటి గాలిని రేడియేటరు గుండా లోపలికి లాగడం దాని పని. లాగుతుంటే ఈ కాగితం జాలీకి అతుక్కుని ఉండాలి."

చెయ్యి తీసేసింది.

కాగితం లేచి, సర్వేయరు ఛాతీకి తగిలి, నూనె పళ్లెంలో పడింది.

ఇన్‌స్పెక్టరమ్మ చెయ్యి చాపింది. సర్వేయరు రెండో కాగితం ఇచ్చాడు. అది నిదానం దాకా వెళ్లింది. మూడోది సర్వేయరు తనే ఆనించి వదిలాడు. అది ఆయన భుజం మీదుగా రోడ్డు మీదికి పోయింది.

"గాలి బయటికి వస్తోంది," అన్నాడు సర్వేయరు.

"ఫ్యాను ఎదురు తిరుగుతోంది," అన్నాడు మెకానిక్. కుర్చీలోంచి లేచాడు. "అరెరె. రోడ్డు మీద పోతుంటే ఎదురుగాలి లోపలికి తోస్తుంది, ఇది బయటికి ఊదుతుంది. రెండూ రేడియేటరు దగ్గర కుస్తీ పడతాయి, మధ్యలో నీళ్లు కాగిపోతాయి."

"నిలబడితే ఎదురుగాలి ఉండదు. ఊదేదే అయినా ఆ కాస్త గాలి సరిపోతుంది, ముల్లు దిగుతుంది," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "తిరిగొచ్చేటప్పుడు ఏసీ ఉండదు, ఫ్యాను ఆగి ఉంటుంది, ఎదురుగాలే చల్లబరుస్తుంది. నిదానంగారికి మోకాళ్లు నొప్పి. అందుకే ఆయన చేతిలో ఎప్పుడూ వేడెక్కలేదు."

"నా మోకాళ్లు సాక్ష్యమా అండీ?" అన్నాడు నిదానం.

"ముఖ్య సాక్ష్యం."

సర్వేయరు ఫైలు మూశాడు. "అయితే ఎవరో ఫ్యాను మోటారు వైర్లు అటుదిటు చేశారన్నమాట, అందుకే ఎదురు తిరుగుతోంది. నేను చెప్పిందీ అదే కదా. మూత కాదు, వైర్లు. ఈ అమ్మాయి రోజూ బానెట్ ఎత్తుతుంది."

"నీళ్లు చూడ్డానికి ఎత్తుతాను," అంది రయ్యి. "మీరు ఎత్తినట్టు, తొమ్మిదో లైను రాయడానికి కాదు."

"చూశారా మేడమ్, ఆ మాట తీరు."

ఇన్‌స్పెక్టరమ్మ ఇద్దరినీ పట్టించుకోలేదు. మెకానిక్ భార్య వైపు తిరిగింది. "మోటారుకు వైర్లు పెట్టింది ఎవరు?"

"నేనే."

"ఎలా పెట్టారు?"

"ఈయన చెప్పినట్టు."

"ఏం చెప్పారు?"

భార్యాభర్తలు ఒకేసారి ఒకే మాట అన్నారు: "ఎర్రది ముందు పెట్టు."

"అలాగే చెప్పారా?"

"అక్షరం పొల్లుపోకుండా," అన్నాడు మెకానిక్.

"అలాగే పెట్టారా?"

"వెంట్రుకవాసి తేడా లేకుండా," అంది భార్య.

"చెప్పిందీ కరెక్టే, పెట్టిందీ కరెక్టే," అన్నాడు సర్వేయరు. "కాబట్టి తర్వాత మూడో మనిషి చెయ్యి పడింది."

"ఆగు," అంది ఇన్‌స్పెక్టరమ్మ. మెకానిక్‌ను చూసింది. "ముందు అంటే?"

"ముందు అంటే ముందేనండీ. మొదట ఎర్రది తగిలించాలి, ఆ తర్వాత నల్లది. నేర్చుకున్న దగ్గర్నుంచీ అదే పద్ధతి."

భార్య బానెట్ కిందనుంచి పూర్తిగా బయటికి వచ్చింది. చేతిలో స్పానరు ఉంది.

"ముందు అంటే ముందు వైపు," అంది. "మోటారుకు రెండు పిన్నులున్నాయి. ఒకటి ముందుంది, ఒకటి వెనకుంది. ముందున్నదానికి ఎర్రది పెట్టాను. మిగిలినదానికి నల్లది."

మెకానిక్ వంగి మోటారు వైపు చూశాడు.

"ముందు అంటే మొదటేనే," అన్నాడు మెకానిక్. "ముప్పై రెండేళ్లుగా ఈ షెడ్డులో ముందు అంటే మొదటే."

"నిన్న అన్నం తెచ్చి ముందు పెట్టమన్నారు. మొదట పెట్టానా, మీ ముందు పెట్టానా?"

మెకానిక్ ఆలోచించాడు. "నా ముందే పెట్టావు."

"తిన్నారుగా?"

"తిన్నాను."

"అప్పుడు అర్థం మారలేదే."

నిదానం గోడ వైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి. రయ్యి ఆపుకోలేదు, బాహాటంగానే నవ్వింది. మెకానిక్ కూడా నవ్వాడు, పిండికట్టు బరువుకు చెయ్యి పట్టుకుని.

"ఇదివరకు ఈ తికమక రాలేదా?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"రాదండీ. మోటారుకు సాకెట్టు ఉండేది, అది ఒక్క తీరుగానే దూరుతుంది. ఈసారి వచ్చిన సరుకుకు సాకెట్టు లేదు. రెండు పిన్నులు విడివిడిగా ఉన్నాయి. ప్లస్ గుర్తు చూసుకుంటుందిలే అనుకున్నాను."

"ముందు అని చెప్పాక గుర్తు ఎందుకు వెతుకుతాను?" అంది భార్య. గుడ్డ తీసుకుని మోటారు తుడిచింది. గ్రీజు కింద గుర్తు కనిపించింది. ఎర్ర వైరు పెట్టాల్సిన ప్లస్ వెనక పిన్ను పక్కన ఉంది.

ఇంజిన్ ఆపి, వైర్లు మార్చడానికి నాలుగు నిమిషాలు పట్టింది. మెకానిక్ ఈసారి నోరు తెరవలేదు. భార్య మళ్లీ స్టార్ట్ చేసి ఏసీ వేసింది. ఇన్‌స్పెక్టరమ్మ నాలుగో కాగితాన్ని జాలీకి ఆనించి వదిలింది. కాగితం అతుక్కుపోయింది. సర్వేయరు వేలితో మూల ఎత్తి చూశాడు. వేలు తీయగానే మూల కూడా అతుక్కుంది.

అప్పుడు టైము మూడు గంటలకు అయిదు నిమిషాలు తక్కువ.

"కాగితం అతుక్కుంది, ఒప్పుకుంటాను," అన్నాడు సర్వేయరు. "నిలబడ్డ బండికి. ఆరుసార్లు వేడెక్కింది నిలబడి కాదు. బైపాస్ మీద, ఏసీ వేసి, ఎనభైలో నడిపి చూపించండి. ముల్లు ఎక్కిందంటే నా రిపోర్టు నాలుగింటికి వెళ్తుంది."

"ఈ ముక్క నేను నేర్పిందే," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "ఒప్పుకున్నాను."

బ్లడ్ బ్యాంకు డాక్టరుకు ఫోను చేశారు. ఉదయం ప్యాకెట్లు వెళ్లిన ఆసుపత్రికే, మర్నాటి ఆపరేషన్ కోసం ఇంకో రెండు పంపాలని, సాయంత్రంలోగా చేరితే చాలని ఆయన చెప్పాడు. పక్కనుంచి నిదానం, కావాలంటే తను వెళ్తానన్నాడు.

"ఆపరేషన్ రేపేనయ్యా," అన్నాడు డాక్టరు ఫోనులో. "వచ్చే వారమైతే నిన్నే పంపేవాణ్ణి."

మూడూ పద్నాలుగుకు సర్వేయరు తాళంచెవిని రయ్యి చేతిలో పెట్టాడు. తను ముందు సీట్లో కూర్చున్నాడు, ముల్లు కనిపించేలా పక్కకు ఒరిగి. ఇన్‌స్పెక్టరమ్మ వెనక సీట్లో పెట్టె పక్కన కూర్చుంది. రయ్యి ఏసీ వేసింది. నిదానం స్కూటరు మీద వెనకాల వస్తానన్నాడు.

ఆరో నిమిషంలో బైపాస్ ఎక్కారు. ఎనిమిదో నిమిషంలో స్పీడు ఎనభై అయింది. ముల్లు సగంలో ఉంది.

పన్నెండో నిమిషం దాటింది. పద్నాలుగో నిమిషంలో ఉదయం కారు ఆగిన చోటు వచ్చింది. రోడ్డు పక్క మట్టిలో నీళ్ల మరక ఇంకా ఉంది. రయ్యి అటు చూడలేదు. ముల్లు సగంలోనే ఉంది.

పదహారు దాటింది. సర్వేయరు వాచీ చూసుకున్నాడు, ముల్లు చూశాడు, మళ్లీ వాచీ చూసుకున్నాడు.

"కాస్త నెమ్మదిగా పోవచ్చు కదమ్మా," అన్నాడు.

"ఎనభై అని మీరే అన్నారు సార్."

"ముల్లు కోసం అన్నాను. ఇప్పుడు నా కోసం అంటున్నాను."

"వెనక మామయ్య వస్తున్నాడు. దిగి ఆ స్కూటరెక్కుతారా?"

సర్వేయరు వెనక్కి తిరిగి చూశాడు. రోడ్డు మీద స్కూటరు ఎక్కడా లేదు. ఆయన నవ్వడం ఇన్‌స్పెక్టరమ్మ ఆ రోజు మొదటిసారి చూసింది.

మూడూ నలభై ఒకటికి కారు ఆసుపత్రి గేట్లోకి వెళ్లింది. ఇరవై ఏడు నిమిషాలు. ముల్లు సగం దాటలేదు. నర్సు పెట్టె తీసుకుని, రెండు ప్యాకెట్లు చూసుకుని, పుస్తకంలో సంతకం పెట్టింది.

సర్వేయరు కారు బానెట్ మీద ఫైలు తెరిచాడు. సంతకం ఉన్న పేజీని అడ్డంగా కొట్టేశాడు. కింద మూడు లైన్లు రాశాడు: ఫ్యాను వైర్లు తారుమారై ఉన్నవి, పొరపాటు షెడ్డులో జరిగినది, డ్రైవరు తప్పు లేదు. డాక్టరుకు ఫోను చేసి ఆ మూడు లైన్లూ చదివి వినిపించాడు. డాక్టరు రయ్యిని పిలవమన్నాడు. ఆమె ఫోను చెవికి ఆనించుకుని, "అలాగే సార్," అని రెండుసార్లు అంది. తర్వాత తాళంచెవి జేబులో వేసుకుని, మేనమామకు ఫోను చేసింది.

"ఎక్కడున్నావు మామయ్యా? ... బైపాస్ ఎక్కావా? ... ఎక్కబోతున్నావా. సరే, అక్కడే ఉండు, నేనే వస్తున్నాను."

సర్వేయరు ఇంకా బానెట్ దగ్గరే నిలబడి ఉన్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ పిలిచింది. ఆయన రాలేదు. మెకానిక్ భార్యకు ఫోను చేశాడు.

"ఆ సాకెట్టు లేని మోటార్లు ఎన్ని వచ్చాయమ్మా?"

"మూడు."

"మిగతా రెండు ఏ బండ్లకు పెట్టావు?"

"ఒకటి హోటలు కారుకు, ఒకటి పూలకొట్టు వ్యానుకు."

"ఎర్ర వైరు?"

"ముందే పెట్టానండీ," అంది.

సర్వేయరు ఫోను పెట్టేసి, కారులో పెట్టిన తన సంచిలోంచి ఇంకో రెండు ఫైళ్లు తీశాడు. ఒకదాని మీద తొమ్మిదో తారీఖు, రెండోదాని మీద పదకొండు ఉన్నాయి. పైది హోటలు కారుది, కిందది పూలకొట్టు వ్యానుది. రెండు ఫైళ్లలోనూ ఆఖరి పేజీలో ఒకటే వాక్యం ఉంది: ఇంజిన్ వేడెక్కుటకు కారణం డ్రైవరు నిర్లక్ష్యం. రెంటి కిందా ఆయన సంతకమే.

"వీటి రిపోర్టులు పైకి వెళ్లిపోయాయి మేడమ్," అన్నాడు. "ఇద్దర్నీ పనిలోంచి తీసేశారు."

"వాళ్ల నంబర్లున్నాయా?"

"మొదటి పేజీలో ఉన్నాయి."

ఇన్‌స్పెక్టరమ్మ కారు తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది. రయ్యి ఇంజిన్ స్టార్ట్ చెయ్యలేదు.

మూడూ యాభై ఎనిమిదికి సర్వేయరు మొదటి నంబరు కొట్టాడు. అయిదో రింగుకు హోటలు డ్రైవరు ఎత్తాడు.